షార్దాన్: గిన్నెలు, చేపలు, పేకమేడలు వేసిన అకాడెమీ చిత్రకారుడి గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

పాత ఫ్రెంచ్ బొమ్మల గురించి మాట్లాడుతూ నేను షార్దాన్ పేరెత్తితే చాలు, దాదాపు ప్రతిసారీ ఇవే ప్రశ్నలు ఎదురవుతాయి. విడివిడిగా చెప్పీ చెప్పీ చివరికి అన్నీ ఒకచోట రాసేద్దామనిపించింది. ఆయనంటే నాకు చాలా ఇష్టం, ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను.

ఎవరీ షార్దాన్?

పూర్తి పేరు ఝాన్ బాప్తిస్త్ సిమేయోన్ షార్దాన్. 1699 నవంబర్ 2న పారిస్‌లో పుట్టాడు, 1779 డిసెంబర్ 6న పారిస్‌లోనే పోయాడు. తండ్రి వడ్రంగి. మామూలు తలుపులూ కిటికీలూ చేసే వడ్రంగి కాదు, బిలియర్డ్స్ బల్లలు చేయడంలో ఆరితేరినవాడు, రాజుగారికి కూడా బల్లలు చేసిచ్చాడు. కొడుకు మాత్రం కుంచె పట్టుకున్నాడు. ఆ కాలంలో పేరున్న చిత్రకారులు చాలామంది ఇటలీ వెళ్ళి నేర్చుకుని వస్తే, ఈయన ఇటలీ మొహమే చూడలేదు. ఎనభై ఏళ్ళూ దాదాపు అదే ఊళ్ళో, రాగి గిన్నెలూ చేపలూ పళ్ళూ, పనిమనుషులూ పిల్లలూ, ఇవే వేస్తూ గడిపాడు. అలాంటివాడు ఫ్రాన్సు రాజు అకాడెమీలో యాభై ఏళ్ళ పాటు సభ్యుడు, అందులో దాదాపు ఇరవై ఏళ్ళు దాని ఖజానా చూసుకున్నవాడు. నాకు ఆసక్తి పుట్టించింది ఈ రెండింటి పొంతనే.

పేరు ఎలా పలకాలి? చార్డిన్ అని కూడా చూశాను.

ఇంగ్లీషు స్పెల్లింగ్ చదివితే చార్డిన్ అనే వస్తుంది. ఫ్రెంచివాళ్ళు మొదట్లో "షా" అంటారు, చివరి అక్షరం ముక్కుతో పలుకుతారు, శిల్పి రోదాఁ పేరులాగా. మన నోటికి వీలుగా షార్దాన్ అని రాస్తున్నాను.

అకాడెమీ చిత్రకారుడు అంటే ఏంటి? బళ్ళో పాఠాలు చెప్పేవాడా?

అది బడి మాత్రమే కాదు. 1648లో పెట్టిన రాయల్ అకాడెమీ ఆ కాలపు ఫ్రాన్సులో బొమ్మల లోకానికి కోట లాంటిది. అందులో సభ్యత్వం ఉంటేనే రాజుగారి పనులు, లూవ్ర్ ప్యాలెస్‌లో జరిగే సలోన్ అనే ప్రదర్శనలో చోటు, పెద్దవాళ్ళ పరిచయాలు దొరికేవి. సలోన్ అంటే జుట్టు కత్తిరించే సెలూన్ కాదు, లూవ్ర్‌లో ప్రదర్శన జరిగే పెద్ద గదికి ఉన్న పేరే ప్రదర్శనకీ వచ్చింది.

ఆ కోటలో మెట్లుండేవి. ఏ బొమ్మ గొప్పదో, ఏది తక్కువదో 17వ శతాబ్దంలోనే వరస పెట్టేశారు. పైమెట్టు మీద పురాణం, బైబిలు, చరిత్ర ఘట్టాలు. వాటి కింద మనుషుల పోర్ట్రైట్లు, మామూలు ఇళ్ళలోని దృశ్యాలు, ప్రకృతి, జంతువులు. అన్నిటికన్నా అడుగున ప్రాణం లేని వస్తువులు, అంటే స్టిల్ లైఫ్. మాటవరసకి పెట్టుకున్న వరస కాదది, జీతభత్యాలూ పదవులూ దాన్ని బట్టే ఉండేవి. పైమెట్టు మీద ఉన్న చరిత్ర చిత్రకారులే అక్కడ ప్రొఫెసర్ కాగలరు. షార్దాన్ అడుగుమెట్టు నుంచి లోపలికొచ్చాడు కాబట్టి ఎంత పేరొచ్చినా ప్రొఫెసర్ కాలేదు.

ఎవరి దగ్గర నేర్చుకున్నాడు?

పియెర్ ఝాక్ కాజ్ అనే చరిత్ర చిత్రకారుడి దగ్గర కొన్నాళ్ళు, తర్వాత నోయెల్ నికోలా క్వాపెల్ దగ్గర. కాజ్ దగ్గర చేసిందల్లా గురువు బొమ్మలకి నకళ్ళు దించడమే, దాని వల్ల ఒరిగింది పెద్దగా లేదు. క్వాపెల్ దగ్గర మాత్రం కళ్ళు తెరుచుకున్నాయంటారు: ఒక పోర్ట్రైట్‌లో తుపాకీ వేసే పని ఈయనకిచ్చి, దాని మీద వెలుతురు ఎక్కడ పడాలో చూసుకుంటూ గురువు చాలాసేపు దాన్ని సర్దాడట. ఒక వస్తువుని ఎదురుగా పెట్టుకుని చూసి వేయడానికి అంత శ్రద్ధ కావాలని కుర్రాడికి మొదటిసారి తెలిసింది అప్పుడే.

ఇంకో కథ ఉంది, షార్దాన్ స్నేహితుడు కోషాన్ రాసిపెట్టింది. తండ్రికి తెలిసిన ఒక మంగలి వైద్యుడు (ఆ రోజుల్లో గడ్డం గీయడం, గాయాలకి కట్లు కట్టడం ఒకరే చేసేవారు) దుకాణానికి బోర్డు వేసిపెట్టమన్నాడు. కత్తులూ సూదులూ లాంటి పనిముట్లు వేస్తాడనుకుంటే, కుర్రాడు వీధిలో కత్తియుద్ధంలో దెబ్బ తిన్న మనిషినీ, చుట్టూ మూగిన జనాన్నీ, పరిగెత్తుకొచ్చే వైద్యుణ్ణీ వేసేశాడు. తెల్లవారుజామున, ఇంటాయన లేవకముందే బోర్డు ఎక్కించేశారు. ఆయన లేచి చూసేసరికి దుకాణం ముందు గుంపు. జనం మెచ్చుకోవడం చూసి కోపం మింగుకున్నాడట.

1728లో ఏం జరిగింది? అందరూ ఆ ఏడాది గురించే మాట్లాడతారు.

అంతకు నాలుగేళ్ళ ముందు, 1724లో, సెయింట్ లూక్ పేరుతో ఉన్న పాత చిత్రకారుల సంఘంలో సభ్యుడయ్యాడు. అది చేతిపనివాళ్ళ సంఘం, బతుకుతెరువుకి సరిపోతుంది, పేరుకి సరిపోదు. అకాడెమీలో లేని కుర్ర చిత్రకారులు బొమ్మలు చూపించుకోవడానికి పారిస్‌లో ఒక అవకాశం ఉండేది: ప్లాస్ దోఫిన్ అనే కూడలిలో, ఏడాదికోసారి ఒక క్రైస్తవ పండగ రోజు పొద్దున, ఆరుబయట, కొన్ని గంటలు. 1728లో షార్దాన్ అక్కడ పెట్టిన బొమ్మల్లో "టేకు చేప" కూడా ఉంది. చూసినవాళ్ళు ఆగిపోయారు. అకాడెమీకి దరఖాస్తు పెట్టమని ప్రోత్సహించారు.

అకాడెమీకి వెళ్ళిన రోజు ఏం చేశాడంటే, తన బొమ్మల్ని మొదటి గదిలో ఏదో యథాలాపంగా ఉన్నట్టు పెట్టి తను పక్క గదిలో నిలబడ్డాడు. పెద్దాయన లార్జిలియేర్, అప్పటికే గొప్ప పేరున్న చిత్రకారుడు, వాటిని చూసి "ఎంత బాగున్నాయి, ఫ్లెమిష్ (ఇప్పటి బెల్జియం వైపు) చిత్రకారుడెవరో వేసుంటాడు" అని మెచ్చుకుంటూ లోపలికొచ్చి, సరే నీ బొమ్మలేవీ అన్నాడు. ఇప్పుడు చూసినవే అన్నాడు షార్దాన్. మామూలుగా ముందు ఒక అనుమతి ఇచ్చి, తర్వాత ప్రవేశానికి ఒక బొమ్మ వేసివ్వమనేవారు, దానికి ఏళ్ళు పట్టేది. ఈయన్ని 1728 సెప్టెంబర్ 25న, ఒక్క రోజులోనే, తెచ్చిన బొమ్మల్లోంచే రెండు తీసుకుని పూర్తి సభ్యుణ్ణి చేసేశారు. ఆ రెండూ "టేకు చేప", "బల్ల మీద విందు". ఇప్పటికీ రెండూ లూవ్ర్‌లోనే ఉన్నాయి.

చేర్చుకున్నప్పుడు రాసిన హోదా మాత్రం "జంతువులూ, పళ్ళూ వేయగల చిత్రకారుడు" అని. తలుపు తీశారు, కానీ ఏ మెట్టు మీద కూర్చోవాలో కూడా చెప్పేశారు.

చేపని కోసి వేలాడదీసిన బొమ్మలో అంత గొప్ప ఏముంది?

టేకు చేప మన కోస్తావాళ్ళకి తెలిసిందే, రెక్కల్లా విశాలంగా, చదునుగా ఉండే సముద్రపు చేప. దాన్ని పొట్ట చీల్చి, రాతి గోడకి కొక్కెం వేసి వేలాడదీశారు. లోపలి పేగులు ఎర్రగా, ముత్యం రంగులో మెరుస్తూ కనిపిస్తాయి. ఆ చేప అడుగు భాగం మనిషి మొహంలా ఉంటుంది, నొప్పితో నవ్వుతున్న మొహంలా. ఎడమ వైపు గుల్లల మీద కాళ్ళు పెట్టి వెంట్రుకలు నిక్కబొడుచుకున్న పిల్లి పిల్ల. కుడి వైపు కూజా, గిన్నెలు, మడత పడిన గుడ్డ, బల్ల అంచు దాటి మన వైపు పొడుచుకొచ్చిన కత్తి పిడి.

బొమ్మ మధ్యలో రక్తం ఉంది, దాని పక్కనే ఏ కదలికా లేని గిన్నెలున్నాయి. రెండింటినీ ఒకే శ్రద్ధతో చూశాడు. చూసేది అసహ్యమైన వస్తువే అయినా ఇది చేప చర్మమే, మాంసమే, రక్తమే అని ఆ కాలపు విమర్శకుడు దిదెరో తర్వాతి రోజుల్లో రాశాడు. దాదాపు నూటడెబ్బై ఏళ్ళ తర్వాత చిత్రకారుడు మతీస్ లూవ్ర్‌లో కూర్చుని దీనికి నకలు వేశాడు. మరో చిత్రకారుడు సూతీన్ తన టేకు చేపల బొమ్మలు వేసింది దీన్ని చూసే. వేసేనాటికి షార్దాన్‌కి ఇంకా ముప్ఫై నిండలేదు.

వస్తువులు వదిలేసి మనుషుల్ని ఎందుకు వేయడం మొదలుపెట్టాడు?

దీనికి చిత్రకారుల మధ్య చెప్పుకునే కథ ఒకటుంది. ఆవేద్ అని షార్దాన్‌కి దగ్గరి స్నేహితుడు, పోర్ట్రైట్లు వేసేవాడు. ఒకామె తన పోర్ట్రైట్‌కి 400 లివ్రులు (అప్పటి ఫ్రెంచి డబ్బు) ఇస్తానంటే చాలదని ఆవేద్ ఒప్పుకోలేదు. షార్దాన్, అంత డబ్బు వదులుకుంటావా అన్నాడు. "పోర్ట్రైట్ అంటే సాసేజ్ వేసినంత తేలికనుకున్నావా" అని ఆవేద్ అనేశాడు. ఆ మాట గుచ్చుకుంది. కథలోని ప్రతి మాటా అలాగే జరిగిందో లేదో గానీ, అప్పట్లో వస్తువుల బొమ్మలకి ధర తక్కువ, గిరాకీకి హద్దుంది, పైగా మెట్ల వరసలో మనుషుల బొమ్మలు ఒక మెట్టు పైన. 1733 నాటికి "ఉత్తరానికి లక్క ముద్ర వేస్తున్న స్త్రీ" వచ్చేసింది. ఆ తర్వాత దాదాపు పదిహేనేళ్ళు ఆయన దృష్టంతా మనుషుల మీదే.

కానీ ఆ మనుషులెవరో చూడండి. దుంప చెక్కు తీస్తూ మధ్యలో ఆగి ఎటో చూస్తున్న వంటామె. బజారు నుంచి రొట్టెలు మోసుకొచ్చి బల్లకి ఆనుకుని ఊపిరి తీసుకుంటున్న పనిమనిషి. బడికెళ్ళే పిల్లాడి టోపీకి బ్రష్షు పెడుతూ మందలిస్తున్న ఇంటి టీచరమ్మ, తలవంచుకున్న పిల్లాడు, నేల మీద వదిలేసిన పేక ముక్కలూ రాకెట్టూ ఈకల బంతీ. అదే రోజుల్లో పక్కన బూషే లాంటి వాళ్ళు గులాబీ రంగు దేవతల్ని వేస్తూ వెలిగిపోతున్నారు.

ఆ పేకమేడలు, సబ్బు బుడగల బొమ్మలకి అర్థం ఏంటి?

ఈ ప్రశ్నకి తెలుగువాళ్ళకి జవాబు చెప్పడం తేలిక, ఎందుకంటే మన భాషలో ఆ అర్థాలు ముందే ఉన్నాయి. జీవితం నీటి బుడగ అంటాం, కూలిపోయే ఆశల్ని పేకమేడలంటాం. యూరప్‌లోనూ బుడగ అంటే మనిషి బతుకు అని డచ్ చిత్రకారులు ఎన్నాళ్ళ నుంచో వేస్తున్నారు. షార్దాన్ బొమ్మల్ని రాగిరేకు మీద చెక్కి, అచ్చేసి అమ్మినవాళ్ళు కింద నాలుగు నీతి పద్యాలు కూడా తగిలించేవారు.

నాకు మాత్రం ఆ బొమ్మల్లో నీతి కన్నా ముందు ఆ పిల్లల ఏకాగ్రత కనిపిస్తుంది. "సబ్బు బుడగలు"లో కుర్రాడు కిటికీ గట్టు మీద మోచేతులు ఆన్చి గొట్టంలోంచి ఊదుతున్నాడు, బుడగ పెద్దదై కొంచెం వంకర తిరిగింది, ఇంకో క్షణంలో పగులుతుంది. వెనక చిన్న పిల్లాడు మునివేళ్ళ మీద లేచి తొంగి చూస్తున్నాడు. ఊపిరి బిగబట్టిన క్షణం అది. "బొంగరం తిప్పే పిల్లాడు" 1738 నాటి బొమ్మ, అందులో ఉన్నది ఓ నగల వ్యాపారి కొడుకు. పుస్తకాలూ కలమూ సిరాబుడ్డీ పక్కకి జరిపేసి బల్ల మీద చిన్న బొంగరం తిరగడం చూస్తున్నాడు, పెదాల మీద రవ్వంత నవ్వు. చదువుకోమంటే ఆడుకుంటున్నాడని తిట్టే చూపు కాదు షార్దాన్‌ది. పిల్లాడు బొంగరాన్ని ఎంత శ్రద్ధగా చూస్తున్నాడో ఈయన పిల్లాణ్ణి అంత శ్రద్ధగా చూస్తున్నాడు.

రాజుగారికి ఈయన బొమ్మలు నచ్చాయా? డబ్బులొచ్చాయా?

1740 నవంబర్‌లో వెర్సాయ్‌లో 15వ లూయీని కలిసి రెండు బొమ్మలు బహూకరించాడు. అందులో ఒకటి "భోజనం ముందు ప్రార్థన", తల్లి గిన్నెలో వడ్డిస్తూ చిన్న పిల్లాడి చేత ప్రార్థన చెప్పిస్తున్న బొమ్మ. పిల్లాడికి గౌను తొడిగారు కదా, ఆడపిల్ల అనుకుంటారు చాలామంది. ఆ కాలంలో చిన్న మగపిల్లలకీ గౌన్లే వేసేవారు, కుర్చీకి తగిలించిన చిన్న డోలు చూస్తే తెలుస్తుంది. 1751లో రాజుగారి తరఫున 1500 లివ్రులకి ఒక బొమ్మ వేయించుకున్నారు, చిన్న వాయిద్యం తిప్పుతూ పంజరంలోని పిట్టకి పాట నేర్పుతున్న ఆమె బొమ్మ. 1752లో ఏడాదికి 500 లివ్రుల పింఛను, 1757లో లూవ్ర్‌లోనే ఉండడానికి ఇల్లు. స్వీడన్ రాయబారి టెస్సిన్ ఈయన బొమ్మలంటే పడిచచ్చేవాడు, అందుకే స్టాక్‌హోమ్‌లో ఇన్ని షార్దాన్‌లున్నాయి. రష్యా రాణి కాథరిన్ కూడా 1766లో ఒకటి వేయించుకుంది.

అయినా ఆయన ధనవంతుడేమీ కాలేదు. చాలా నెమ్మదిగా వేసేవాడు. కొత్త బొమ్మ ఊహించడం కష్టం కాబట్టి కుదిరినదాన్నే తిరిగి రెండు మూడు సార్లు వేసిచ్చేవాడు. ఒకే పేరుతో రెండు మూడు మ్యూజియంలలో బొమ్మలు కనిపిస్తాయే, దానికి కారణం ఇదే, వాటిలో దొంగ బొమ్మలున్నాయని కంగారు పడక్కర్లేదు. పేరు నలుగురికీ చేరింది మాత్రం ప్రింట్ల వల్ల. లెపిసియే, లెబా, సురూగ్ లాంటివాళ్ళు ఆయన బొమ్మల్ని రాగిరేకుల మీద చెక్కి అచ్చేసి అమ్మేవారు. అసలు బొమ్మ రాజుగారి ఇంట్లో ఉంటే దాని ప్రింటు మధ్యతరగతి ఇంటి గోడ మీద ఉండేది, అంటే ఆ బొమ్మలో ఉన్నలాంటి ఇంట్లోనే.

అకాడెమీలో ఆయన చేసిన పనులేంటి?

1743లో కౌన్సిలర్. 1755 నుంచి 1774 దాకా కోశాధికారి, లెక్కాపత్రాలు గందరగోళంగా ఉన్న సమయంలో ఆ బాధ్యత మీద పడింది. దాంతో పాటు సలోన్‌లో బొమ్మలు గోడలకి వేలాడదీయించే పని. వినడానికి చిన్న పనే, చేస్తే తెలుస్తుంది. ఆ గదిలో నేల నుంచి పైకప్పు దాకా ఫ్రేముకి ఫ్రేము ఆనించి వందల బొమ్మలు పెట్టేవారు. ఎవరిది కంటి ఎత్తులో, ఎవరిది కప్పు దగ్గర చీకట్లో, ఎవరి పక్కన ఎవరిది, అన్నీ ఈయనే తేల్చాలి. అందరూ చిత్రకారులే, అందరికీ అహమే. ఏళ్ళ తరబడి అందరి టెన్షనూ ఈయన నెత్తినే.

1765 సలోన్ అప్పుడు షార్దాన్ విమర్శకులతో అన్న మాటల్ని దిదెరో రాసిపెట్టాడు, నాకు ఆయన జీవితం మొత్తంలో అన్నిటికన్నా గుర్తుండిపోయినవి అవే. కొంచెం మెత్తగా మాట్లాడండి అంటాడు. ఇక్కడున్న వాటిలో అన్నిటికన్నా చెత్త బొమ్మ ఏదో వెతకండి, ఆ మాత్రం కూడా ఎప్పటికీ వేయలేమని రెండు వేలమంది అభాగ్యులు కుంచెలు పళ్ళతో కొరికి విరిచేసుకున్నారని తెలుసుకోండి అంటాడు. ఏడెనిమిదేళ్ళ వయసులో చేతికి పెన్సిలిస్తారు, కళ్ళూ ముక్కులూ చెవులూ నకలు దించి దించి, తర్వాత కాళ్ళూ చేతులూ, తర్వాత ఏళ్ళ తరబడి పాత శిల్పాల ముందు వీపు వంచుకుని, చివరికి ప్రాణమున్న మనిషిని ఎదురుగా పెట్టేసరికి ఏమీ రాదని తెలుస్తుంది, ఆ శిల్పాలు చూసిన కన్నీళ్ళు మీరు చూడలేదు అని చెబుతాడు. అడుగుమెట్టు మీద కూర్చోబెట్టిన మనిషి అప్పటికి అరవై ఐదేళ్ళ వయసులో, ఓడిపోయినవాళ్ళందరి తరఫునా మాట్లాడుతున్నాడు.

దిదెరో అంతగా మెచ్చుకోవడానికి కారణం?

దిదెరో విజ్ఞాన సర్వస్వం సంపాదకుడు, సలోన్‌ల మీద సమీక్షలు రాసేవాడు, నచ్చకపోతే ఎవర్నైనా ఉతికి ఆరేసేవాడు. షార్దాన్ విషయంలో మాత్రం మెత్తబడిపోతాడు. "ఆలివ్‌ల జాడీ" చూసి 1763లో ఏమన్నాడంటే, ఆ బిస్కెట్లు తీసుకుని తినేయొచ్చు, ఆ నారింజ కోసి పిండొచ్చు, గ్లాసులో వైన్ తాగొచ్చు, ఆ ఆలివ్‌లకీ మన కంటికీ మధ్య నిజంగానే అవి తేలుతున్న నీళ్ళున్నాయి అని. నీ రంగుల పలక మీద నూరేది తెలుపూ ఎరుపూ నలుపూ కాదయ్యా, వస్తువుల సారమే అని కూడా అన్నాడు. ఇంకో మాట, ఇది మీరు బొమ్మ ముందు నిలబడి సరిచూసుకోవచ్చు: దగ్గరికెళ్తే అంతా చెదిరిపోయి మాయమవుతుంది, వెనక్కి జరిగితే మళ్ళీ అంతా పుట్టుకొస్తుంది.

అసలు ఎలా వేసేవాడు? టెక్నిక్ ఏంటి?

ముందుగా కాగితం మీద స్కెచ్‌లు వేసుకోవడం దాదాపు లేదు. వస్తువు ఎదురుగా పెట్టుకుని నేరుగా కాన్వాస్ మీదే. చచ్చిన కుందేల్ని మొదటిసారి వేయాల్సి వచ్చినప్పుడు ఏమనుకున్నాడో కోషాన్ రాశాడు: ఇంతవరకూ చూసినవన్నీ మర్చిపోవాలి, వేరేవాళ్ళు దీన్ని ఎలా వేశారో అదీ మర్చిపోవాలి, వెంట్రుకలు విడివిడిగా కనిపించనంత దూరంలో పెట్టుకోవాలి. అందుకే ఆయన కుందేలుకి లెక్కపెట్టదగ్గ వెంట్రుకలుండవు, కానీ చెయ్యి పెడితే మెత్తగా తగులుతుందనిపిస్తుంది. రంగు పొర మీద పొర, కొంచెం గరుకుగా, పొడిపొడిగా. పక్క వస్తువు రంగు ఈ వస్తువు మీద పడడం ఆయన ఎప్పుడూ వదలడు.

పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మ్యూజియంలో 1761 ప్రాంతపు బొమ్మ ఒకటుంది, "నీళ్ళ గ్లాసూ కాఫీ కూజా". గాజు గ్లాసు నిండా నీళ్ళు, గోధుమరంగు మట్టి కూజా, ముందు మూడు వెల్లుల్లి గడ్డలు. అంతే. దాన్ని స్క్రీన్ మీద చూసి ఒక ఆదివారం వంటింటి గట్టు మీద నేనూ నీళ్ళ గ్లాసు, మూడు వెల్లుల్లి గడ్డలు పెట్టుకుని కూర్చున్నాను. గ్లాసు వెనక గోడ నీళ్ళలోంచి చూస్తే ఒక రంగు, నీళ్ళు లేని పైభాగంలోంచి చూస్తే ఇంకో రంగు. వెల్లుల్లి తెల్లగా ఉంటుందనే అనుకుంటాం కదా, పది నిమిషాలు చూస్తే అందులో ఊదా ఉంది, పసుపు ఉంది, గట్టు రాతి నీలం కింద నుంచి పాకింది. ఎన్ని వేలసార్లు వలిచానో వాటిని, ఒక్కసారీ చూడలేదు. పెన్సిల్‌తో ప్రయత్నిస్తే గ్లాసు అంచు దగ్గరే ఆగిపోయాను, కానీ ఆ తర్వాత ఆ బొమ్మ నాకు వేరేలా కనిపించింది.

రంగులతో వేస్తారని ఎవరు చెప్పారు, రంగులు వాడుకుంటాం అంతే, వేసేది మనసుతో, అని ఆయన అన్నట్టు కోషాన్ రాసుకున్నాడు.

కుటుంబం?

చెప్పుకోడానికి బాధగా ఉంటుంది. 1731లో మార్గరీత్ సెంతార్‌ని పెళ్ళాడాడు, కొడుకూ కూతురూ పుట్టారు, 1735లో భార్య పోయింది. కూతురు కూడా చిన్నతనంలోనే పోయింది. 1744లో ఫ్రాన్స్వాజ్ మార్గరీత్ పూజే అనే వితంతువుని చేసుకున్నాడు, ఆవిడకి ఎంతో కొంత ఆస్తి ఉండడంతో ఇల్లు నిలదొక్కుకుంది. వాళ్ళకి పుట్టిన పాపా బతకలేదు.

కొడుకు ఝాన్ పియెర్‌ని తండ్రి చరిత్ర చిత్రకారుణ్ణి చేయాలనుకున్నాడు, అంటే తను ఎక్కలేని పైమెట్టు మీదకి. కుర్రాడు 1754లో రోమ్ వెళ్ళే బహుమతి గెలిచాడు కూడా. తర్వాత తల్లి ఆస్తి విషయంలో తండ్రితో తగాదా. 1762లో జెనోవా తీరంలో ఇంగ్లీషు ఓడదొంగలు ఎత్తుకుపోయారు, ఎలాగో బయటపడ్డాడు. చివరికి వెనిస్‌లో నీళ్ళలో మునిగి చనిపోయాడు, తనే దూకేశాడని చాలామంది నమ్మకం. 1765 నాటి ఆ మాటల్లో కుంచెలు కొరుక్కునే కుర్రాళ్ళ గురించి చెబుతున్నప్పుడు తండ్రి మనసులో ఎవరున్నారో నేను వేరే చెప్పక్కర్లేదు.

కళ్ళు పోయాయని విన్నాను, నిజమేనా?

పూర్తిగా పోలేదు, బాగా దెబ్బతిన్నాయి. సీసం కలిసిన నూనె రంగులతో అన్నేళ్ళు పనిచేయడమే కారణమని అంటారు. ఒంట్లో బాగోలేక నూనె రంగులు మానేసి పాస్టెల్స్‌కి (పొడి రంగు సుద్దలకి) మారానని 1778లో తనే ఒక ఉత్తరంలో రాశాడు. డెబ్బై దాటాక కొత్త మాధ్యమం, అదీ పోర్ట్రైట్లు, ఏ పోర్ట్రైట్ల విషయంలో కుర్రప్పుడు మాటపడ్డాడో అవే.

1771లో కళ్ళజోడు పెట్టుకున్న తన బొమ్మ. 1775లో ఇంకోటి: తలకి గుడ్డ చుట్టుకుని, నుదుటి మీద వెలుతురు పడకుండా పచ్చటి కళ్ళనీడ కట్టుకుని, కళ్ళజోడు మీదుగా మనల్ని చూస్తుంటాడు. అదే ఏడాది భార్య బొమ్మ కూడా. తర్వాతి శతాబ్దపు చిత్రకారుడు సెజాన్ ఈ కళ్ళనీడ బొమ్మని ఎంతగానో తలుచుకునేవాడు. బుగ్గ మీద నీలం, ఆకుపచ్చ, ఎరుపు గీతలు కలపకుండా పక్కపక్కనే వదిలేశాడు, దూరం జరిగితే ముసలి చర్మం. పూర్వం వెల్లుల్లిని ఎలా చూశాడో తన మొహాన్నీ అలాగే చూసుకున్నాడు.

చివరి రోజులు ఎలా గడిచాయి?

1770లో ఝాన్ బాప్తిస్త్ మరీ పియెర్ రాజుగారి మొదటి చిత్రకారుడయ్యాడు. స్నేహితుడు కోషాన్ పలుకుబడి తగ్గిపోయింది, దాంతో షార్దాన్ మాటకీ విలువ పోయింది. 1774లో కోశాధికారి పని వదిలేశాడు. పై అధికారికి విన్నపం పెట్టుకున్నా ఫలితం లేకపోయింది. అయినా 1779 సలోన్‌కి కూడా పాస్టెల్స్ పంపాడు. వాటిలో ఒక కుర్ర నౌకరు బొమ్మ రాజకుమార్తె మదాం విక్తువార్‌కి బాగా నచ్చి, ఖరీదు అడిగితే, ఆవిడ మెచ్చుకోవడమే చాలన్నాడు. ఆవిడ బంగారు నశ్యం డబ్బా పంపింది. అదే ఏడాది డిసెంబర్‌లో, లూవ్ర్‌లోని ఇంట్లోనే కన్నుమూశాడు.

తర్వాత మర్చిపోయారా?

దాదాపుగా. ఫ్రెంచి విప్లవం వచ్చింది, 1793లో అకాడెమీనే ఎత్తేశారు, చిత్రకారుడు దావీద్ వేసిన రోమన్ వీరుల ముందు గిన్నెలు చిన్నబోయాయి. 19వ శతాబ్దం మధ్యలో గోంకూర్ సోదరులు, తోరే లాంటి రచయితలు రాయడంతో మళ్ళీ వెలుగులోకి వచ్చాడు. 1869లో లా కాజ్ అనే వైద్యుడు తన సేకరణంతా లూవ్ర్‌కి రాసిచ్చాడు, అందులో చాలా షార్దాన్‌లున్నాయి. సెజాన్, మతీస్ ఆ గదుల్లో నిలబడి నేర్చుకున్నవాళ్ళే.

స్ట్రాబెర్రీల బుట్ట బొమ్మ అన్ని కోట్లకి అమ్ముడైందన్నది నిజమేనా?

నిజమే. "అడవి స్ట్రాబెర్రీల బుట్ట", 1761 సలోన్‌లో పెట్టింది. 38 సెంటీమీటర్ల ఎత్తు, 46 వెడల్పు, అంతే. బుట్టలో గోపురంలా పోసిన చిన్న ఎర్ర పళ్ళు, పక్కన నీళ్ళ గ్లాసు, రెండు తెల్ల పూలు, ఒక పీచ్, రెండు చెర్రీలు. 2022 మార్చిలో పారిస్ వేలంలో 2 కోట్ల 44 లక్షల యూరోలు పలికింది. దేశం దాటకుండా ఫ్రాన్సు ప్రభుత్వం దాన్ని జాతీయ సంపదగా ప్రకటించి ఆపింది. తర్వాత పెద్ద కంపెనీల సాయంతో పాటు వేలమంది మామూలు మనుషులు తలా కొంత చందా వేసుకుని 2024లో లూవ్ర్‌కి చేర్చారు.

ఎక్కడ చూడాలి, దేనితో మొదలుపెట్టాలి?

అన్నిటికన్నా ఎక్కువగా లూవ్ర్‌లో. అమెరికాలో ఉన్న మనవాళ్ళకి వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీ, న్యూయార్క్‌లో మెట్, ఫ్రిక్ మ్యూజియంలు ఉన్నాయి. లండన్‌లోవాళ్ళకి నేషనల్ గ్యాలరీలో పేకమేడ ఉంది, ప్రవేశం ఉచితం. ఇంటి దగ్గరే ఉండి చూడాలనుకుంటే ఈ మ్యూజియంల సైట్లలో చాలావరకు పెద్ద సైజులో దొరుకుతాయి, ఫోన్లో కాకుండా కొంచెం పెద్ద తెర మీద చూడండి.

మొదలుపెట్టడానికి టేకు చేప వద్దు, అది ఒక్కసారిగా మీద పడుతుంది. లూవ్ర్‌లోని "రాగి నీళ్ళ తొట్టి" చూడండి, చిన్న చెక్క మీద వేసిన చిన్న బొమ్మ. మన ఇళ్ళలో స్నానాల గదిలో ఉండే రాగి కాగులాంటిదే, మూడు కాళ్ళ పీట మీద నిలబడి ఉంది, కింద కొళాయి, పక్కన బకెట్టు. ఆ రాగి మీద ఒకచోట సొట్ట ఉన్నట్టు వెలుతురు విరుగుతుంది. ముందు అక్కడ చూడండి.